గీత దాటాక అందిన బేటన్

ముందు గది, కిటికీ పక్క బల్ల
మంగళవారం

ఒసే చిట్టీ,

దేశమంతా నిన్ను చూసేసింది, నేను తప్ప. కళ్ళజోడు తుడుచుకుని టీవీ ముందు కూర్చునేసరికి నీ మొహం పోయి క్రీడల మంత్రిగారి మొహం వచ్చింది. అదింక పోలేదు. రాత్రి భోజనాల దాకా అక్కడే ఉంది.

నాకు అర్థమైనంతవరకు సంగతిది: దేశంలోని కాలేజీలన్నిటికీ జరిగిన పోటీల్లో, మన రాజధానిలోనే, నలుగురు ఆడపిల్లల రిలేలో మీరు ముందొచ్చారు. ఎవరో లెక్కల టీచరట, పొరుగు రాష్ట్రపు ఆవిడ, అంపైరుగా నిలబడి జెండా ఎత్తింది. బేటన్ కర్ర, మార్చుకోవలసిన గీత దాటాక చేతులు మారిందంది. మీ గెలుపు కొట్టేశారు. బంగారు పతకం పొరుగు రాష్ట్రం పిల్లలకు పోయింది. అక్కడితో అయిపోవలసిన మాట. కాని మంత్రిగారు "ఇది మన ఆడబిడ్డలకు జరిగిన అవమానం" అన్నారు. ప్రతిపక్ష నాయకుడు "ఆ అవమానాన్ని మొదట ఖండించింది నేను" అన్నాడు. పొరుగు రాష్ట్రపు మంత్రి "మీకు పరుగూ రాదు, ఓటమీ రాదు" అన్నాడు. ఇప్పుడు రెండు రాష్ట్రాలూ మీ నలుగురి కాళ్ళ మీద నిలబడి దెబ్బలాడుకుంటున్నాయి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో. ఇక్కడ తాడు ఎవరు తేవాలన్న దాని మీద శాసనసభ రెండుసార్లు వాయిదా పడింది.

నీకు తెలుసుగా, ముప్ఫై ఏళ్ళు ఆ సభలో కూర్చుని వాళ్ళ మాటలన్నీ సంక్షిప్తలిపిలో రాసినదాన్ని. వాళ్ళ ఆవేశం ఎంతసేపుంటుందో నా వేళ్ళకు తెలుసు. ఇది మాత్రం నా అంచనా దాటింది.

మన పక్కింటి పళ్ళ డాక్టరు తన ఆసుపత్రి ముందు నీ ఫొటో వేసి పెద్ద బ్యానరు కట్టాడు. నువ్వు పళ్ళన్నీ కనపడేలా నవ్విన ఫొటో ఎక్కడ దొరికిందో! కింద "మా వీధి ముద్దుబిడ్డకు న్యాయం జరగాలి" అని ఉంది. ఆ కింద తన పనివేళలు ఉన్నాయి. వచ్చే పురపాలక ఎన్నికల్లో నిలబడతాడట.

సరే. ఇవన్నీ లోకం మాటలు. నీ ఉత్తరం సంగతికొద్దాం. ఇంతకు ముందు జిల్లా పోటీలో నాలుగోస్థానం వస్తే కూడా మూడు పేజీలు రాశావు, గాలి ఎటునుంచి వీచిందో కూడా వదలకుండా. ఇప్పుడు దేశమంతా హోరెత్తితే నాకొచ్చినది ఒక్క వాక్యం: "జెండా ఎత్తారు అమ్మమ్మా, ఏం చేస్తాం." ఫోన్ చేసి అడగచ్చుగా అంటుంది మీ అమ్మ. ఫోన్లో అందరూ కులాసాగానే ఉంటారు. నాకు ఉత్తరం కావాలి.

నీ అమ్మమ్మ


హాస్టల్, మూడో అంతస్తు
ఆదివారం

అమ్మమ్మా,

రాయడానికి తీరిక లేదు, నమ్ము. రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. మొన్న మంత్రిగారు మా హాస్టల్‌కే వచ్చారు. ఆయన వస్తున్నారని ముందురోజు మా మెట్లకు రంగు వేశారు. ఆరకపోవడంతో ఆయన వెనకదారినుంచి రావలసి వచ్చింది. నలుగురికీ ప్రభుత్వోద్యోగాలు ఇప్పిస్తామన్నారు. కెప్టెన్ అక్కడే ఏడ్చేసింది, వాళ్ళ నాన్నకు ఈ మధ్యే పని పోయింది కదా. ఢిల్లీ కాదు కదా, ఎక్కడిదాకైనా వెళ్ళి పోరాడతాం అన్నారాయన. మా తరఫున క్రీడల సమాఖ్యకు అప్పీలు కూడా పంపారట. నెలాఖరుకు విచారణ.

పిచ్చుక బాగానే ఉంది. నీకు గుర్తుందిగా, నా గది స్నేహితురాలు, రెండో పరుగు దానిది. దాని చేతినుంచే నేను బేటన్ అందుకోవాలి. ఈ మధ్య కిచకిచలు తగ్గించింది. అలిసిపోయి ఉంటుంది.

డాక్టరుగారిని ఆ బ్యానరు తీసెయ్యమను. ప్లీజ్.

చిట్టి


ముందు గది
గురువారం

చిట్టీ,

బ్యానరు తీసెయ్యమని అడిగాను. "అయ్యో పిన్నిగారూ, ఇది ప్రజల మనోభావం, నేను తియ్యగలనా?" అన్నాడు. మనోభావాన్ని మేకులు కొట్టి బిగించినవాడు నువ్వేగా నాయనా అన్నాను. నవ్వాడు. పళ్ళు బాగున్నాయి పాపం, అది ఒప్పుకోవాలి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మెట్ల రంగు ఉంది, మంత్రిగారు ఉన్నారు, ఉద్యోగాలు ఉన్నాయి. పరుగు లేదు. మా సభలో ఒక పద్ధతి ఉండేది. సభ్యులు మాట్లాడినదంతా మేం రాసి, సాయంత్రానికి టైపు చేయించి, తప్పులుంటే దిద్దుకోమని వాళ్ళకే పంపేవాళ్ళం. ఎవరు ఏ వాక్యం కొట్టేస్తారో చూస్తే చాలు, ఆ రోజు వాళ్ళకు ఎక్కడ గుచ్చుకుందో తెలిసిపోయేది. నువ్వు ఏకంగా పరుగంతా కొట్టేసి పంపావు.

నేను అడగను. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పాలి, అది అబద్ధమైతే ఇద్దరికీ కష్టం.

ఇంకొక సంగతి మాత్రం చెబుతాను, నీ చెవిన పడిందో లేదో. జెండా ఎత్తిన ఆ లెక్కల టీచరును నిన్న టీవీలో చూపించారు. విచారణ తేలేదాకా అంపైర్ల జాబితాలోంచి తీసేశారట. మన రాష్ట్రంనుంచి బస్సు కట్టుకుని వెళ్ళి మరీ ఎవరో ఆవిడ ఇంటిగోడ మీద బొగ్గుతో రాతలు రాసొచ్చారు. పాత్రికేయుడు మైకు మూతికి ఆనించి "మీకు ఎవరు డబ్బిచ్చారు?" అని అడిగాడు. ఆవిడ బకెట్టూ బ్రష్షూ పట్టుకుని గోడ కడుక్కుంటోంది. "చూసింది చెప్పాను బాబూ. కాస్త పక్కకు జరుగు, నీళ్ళు పడతాయి" అంది.

ఎవరో తెలియకపోయినా ఆవిడ నాకు నచ్చింది.

అమ్మమ్మ


హాస్టల్
శుక్రవారం

అమ్మమ్మా,

ఇది చదివాక మడిచి దాచెయ్యి. అమ్మకు చూపించద్దు.

ఆవిడ చూసింది నిజం. గీత దాటాకే అందుకున్నాను. నాకు ఆ క్షణమే తెలుసు.

నీకు మొదటినుంచి చెప్పాలి. వెనక్కి చూడకుండా బేటన్ అందుకోవాలంటే, నేను ఎప్పుడు పరుగు మొదలుపెట్టాలో తెలియాలి. అందుకని మా లైనులో, నేను నిలబడేచోటికి వెనకగా, పాదాలతో కొలుచుకుని ఒక టేపు ముక్క అంటించుకుంటాను. పిచ్చుక ఆ టేపు దాటగానే నేను లేస్తాను. గీత లోపలే అది నన్ను అందుకుంటుంది. ఏడాదిగా అదే కొలత. కళ్ళు మూసుకుని చెయ్యగలం.

ఫైనలుకు ముందు మంత్రిగారు మమ్మల్ని దీవించడానికి మైదానంలోకి దిగారు. ఆయన వెనక ఒక ఊరేగింపు. కెమెరాలవాళ్ళు, సెక్రటరీలు, ఎందుకొచ్చారో వాళ్ళకే తెలియనివాళ్ళు. అందరూ మా లైన్ల మీదుగా నడిచారు. ఆయన నా తల మీద చెయ్యిపెట్టి "రాష్ట్రం పరువు నీ చేతుల్లో ఉందమ్మా" అని వెళ్ళిపోతుంటే చూశాను. నా టేపు ఆయన బూటు మడమకు అంటుకుపోయి, తెల్లతోకలా ఆడుతూ ఆయనతో పాటే వెళ్ళిపోతోంది.

చెయ్యెత్తి ఉండాలి. చెయ్యెత్తితే పరుగు ఆపుతారు, మళ్ళీ కొలుచుకోవచ్చు. కాని అన్ని కెమెరాలు, అంతమంది. "మంత్రిగారి బూటుకు నా టేపు అంటుకుందండీ" అని ఎలా చెప్పను? సిగ్గేసింది. ఇంకో ముక్క చింపి ఉజ్జాయింపుగా అంటించాను. వెనక్కి ఎక్కువ పోయింది. దాంతో ముందే లేచాను. పిచ్చుక నన్ను అందుకోలేక, ప్రాణం బిగబట్టి తరుముకుంటూ వచ్చి, గీత దాటాక నా చేతిలో పెట్టింది.

అంతా అయ్యాక టీవీవాళ్ళు "జెండా సంగతి పక్కన పెట్టినా రెండో అమ్మాయి మందగించింది" అన్నారు. పిచ్చుక అదే నమ్మింది. ఆ రాత్రి నా భుజం మీద పడి "నా వల్లేనే, నా కాళ్ళు రాలేదే" అని ఏడ్చింది. అప్పుడు చెప్పెయ్యాల్సింది. జుట్టు నిమురుతూ ఊరుకున్నాను.

ఆ తర్వాత మంత్రిగారు, ఉద్యోగాలు, కెప్టెన్ వాళ్ళ నాన్న. ఇప్పుడు ఎలా చెప్పను? ఎవరికి చెప్పను?

చిట్టి


ముందు గది
మంగళవారం

బంగారుతల్లీ,

ముందు నేను నవ్వాను, క్షమించు. మంత్రిగారు తన బూటుకింద సాక్ష్యం అంటించుకుని దేశమంతా తిరిగి "కుట్ర, కుట్ర" అని అరిచాడా! నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతకన్నా నిండైన ప్రసంగం వినలేదు. మీ అమ్మ వంటింట్లోంచి "ఏమిటమ్మా అంత నవ్వు" అంటే, పొలమారిందన్నాను.

తర్వాత నవ్వు ఆగింది. పిచ్చుక దగ్గర ఆగింది.

నీ ఉత్తరం మడిచి దాచాను. ఎవరికీ చెప్పను. నేను చెప్పనంత మాత్రాన నీకు బరువు తగ్గుతుందని మటుకు అనుకోకు. దాచడం నాకు తేలికే, నా పక్కమంచం మీద ఎవరూ ఏడవడం లేదుగా.

ఎవరికి చెప్పాలని అడిగావు. మా పనీ ఒకరకం రిలేనే, నీకెప్పుడైనా చెప్పానా? పది నిమిషాలకొకరం మారేవాళ్ళం. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాక కూడా ముందావిడ వెంటనే లేచేది కాదు. ఒక నిమిషం ఇద్దరం కలిసి రాసేవాళ్ళం. ఆ నిమిషం రెండు పుస్తకాల్లోనూ ఉండాలి, లేకపోతే మధ్యలో మాట గాలికి పోతుంది. సాయంత్రం ఇద్దరం పక్కపక్కన కూర్చుని దాన్ని సరిచూసుకునేవాళ్ళం. తేడా వస్తే తిన్నగా అధికారి దగ్గరికి పరిగెత్తకూడదు. ముందు మనిద్దరం తేల్చుకోవాలి. "నేను వినలేదు" అనో, "నేను తప్పు రాశాను" అనో ఒకరు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే పైకి.

మంత్రికి ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. మంత్రులు మారతారు, శాఖలు మారతాయి. నీ చేతిలో బేటన్ పెట్టిన పిల్ల ఒక్కతే. మొదటి మాట దానిది.

అమ్మమ్మ


హాస్టల్

అమ్మమ్మా,

నీకేం, కిటికీ పక్క కూర్చుని చెప్పడం తేలిక. నేను నోరు తెరిస్తే ముగ్గురి ఉద్యోగాలు పోతాయి. కెప్టెన్ ఇంట్లో ఇప్పటికే అద్దె ఇంటినుంచి పెద్ద ఇంటికి మారదామని మాట్లాడుకుంటున్నారట. రేపు నన్ను ద్రోహి అంటారు. మన గోడ మీద బొగ్గుతో రాస్తారు, అప్పుడు బకెట్టు నువ్వు పట్టుకుంటావా?

ముప్ఫై ఏళ్ళు వాళ్ళ మధ్య కూర్చున్నావు. వాళ్ళు ఆడిన అబద్ధాలన్నీ పొల్లుపోకుండా రాశావు. ఒక్కరోజైనా లేచి "ఇది అబద్ధం" అన్నావా? మరి నాకెందుకు చెబుతావు?

నాకు ఇప్పట్లో రాయద్దు.


ముందు గది
శనివారం

చిట్టీ,

రాయద్దన్నావు, రాస్తున్నాను. ముసలివాళ్ళకు చెవులు సరిగా పనిచెయ్యవు, కళ్ళు కూడా కొన్ని వాక్యాలు దాటేస్తాయి.

అనలేదు. అని ఉంటే ఆ నిమిషమే బయటికి పంపేవాళ్ళు. నా కుర్చీలో ఇంకొకరొచ్చి అదే అబద్ధాన్ని నాకన్నా వంకర చేతిరాతతో రాసేవాళ్ళు. వాళ్ళన్నది అన్నట్టు రాయడమే నా పని. తర్వాత ఎవరైనా "నేనలా అనలేదు" అంటే, "అన్నారండీ, ఇదిగో" అని చూపించడానికి. అంతకన్నా పెద్ద పని నేను చేశానని ఎప్పుడూ చెప్పుకోలేదు. నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. నా జవాబు ఇంతే.

నీ కోపం చూసి ప్రాణం లేచొచ్చింది. ఈ నెలలో నీ ఉత్తరాల్లో నీ గొంతు వినపడటం ఇదే మొదలు.

బకెట్టు పట్టుకుంటాను. నడుం వంగదు గనక కింద సగం మీ అమ్మ కడుగుతుంది.

ఏం చెయ్యాలో ఇంక చెప్పను. పరుగు నీది. చలి మొదలైందని ఉన్ని మేజోళ్ళు అల్లి పంపుతున్నాను. ఎడమకాలిది కాస్త వదులైంది. అది అల్లేటప్పుడు టీవీలో ప్రతిపక్ష నాయకుడు మాట్లాడుతున్నాడు, తప్పు వాడిది.

అమ్మమ్మ


హాస్టల్
బుధవారం

అమ్మమ్మా,

మేజోళ్ళు వేసుకునే రాస్తున్నాను. ఎడమకాలిది జారుతూనే ఉంది, అయినా బాగుంది.

చెప్పేశాను. ముందు పిచ్చుకకు.

బట్టలు ఉతుక్కునే గదిలో ఉంది. నేను గుమ్మంలోనే నిలబడి గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను, టేపు, బూటు, అంతా. అది పిండుతున్న బట్ట పిండుతూనే ఉంది. నీళ్ళన్నీ కారిపోయాక కూడా పిండుతోంది. తర్వాత మెల్లిగా అంది:

"రోజూ తెల్లారగట్ల లేచి ఒక్కదాన్నే పరిగెడుతున్నాను, చూశావుగా?"

"చూశాను."

"ఎందుకో తెలుసా?"

"తెలుసు."

"కాళ్ళు మందగించాయని. కిటికీలోంచి చూస్తూ పడుకున్నావు కదే! పడుకుని చూశావు కదే!"

తిట్టినా బాగుండేది. బట్ట తాడు మీద ఆరేసి, క్లిప్పులు పెట్టి, వెళ్ళిపోయింది. సాయంత్రానికి తన పరుపు చుట్టుకుని కెప్టెన్ గదిలోకి మారింది.

విచారణలో కూడా చెప్పేస్తానంటే కెప్టెన్ మాత్రం తిట్టింది. "నీకేమే, మీ అమ్మమ్మకు పింఛనుంది, మీ అమ్మకు మందుల కొట్టుంది. మా నాన్న ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్నాడు" అంది. ఆ రాత్రంతా విచారణకు వెళ్ళకుండా జ్వరం తెచ్చుకోవడమెలాగా అని ఆలోచించాను. పొద్దున్న చూస్తే కెప్టెనే కింద వ్యానులో కూర్చుని ఉంది. "ఎక్కు. నువ్వు నిజం చెప్పకపోతే రేపు ఆ ఉద్యోగంలో కూర్చుని రోజూ ఆ అబద్ధం నేను చెప్పాల్సొస్తుంది, నావల్ల కాదు" అంది. పిచ్చుక వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

విచారణంటే పెద్ద కోర్టులా ఉంటుందనుకున్నాను. ఒక ఆఫీసు గది, పొడుగుబల్ల, ముగ్గురు పెద్దమనుషులు, సగం తాగిన టీ కప్పులు. ఆ లెక్కల టీచరు ఒకవైపు కూర్చుంది, ఒళ్ళో చేతిసంచి. నేను చెప్పాను. గుర్తు ఊడిపోయింది, ఉజ్జాయింపుగా పెట్టాను, ముందే లేచాను, గీత దాటాకే అందుకున్నాను, రెండో పరుగు అమ్మాయిది ఏ తప్పూ లేదు, జెండా సరిగ్గానే ఎత్తారు.

మధ్యలో కూర్చున్నాయన కళ్ళజోడు తీసి, "అమ్మాయీ, ఈ అప్పీలు మీ తరఫున పెట్టిందే కదా?" అన్నాడు.

"మా తరఫున పెట్టారండి. మమ్మల్ని అడగలేదు."

మంత్రిగారి సెక్రటరీ లేచి, "పాపకు ఒంట్లో బాగాలేదండీ, ఒత్తిడి" అన్నాడు. "బాగానే ఉందండీ. ఈ వారంలో ఇవాళే బాగుంది" అన్నాను. గుర్తు ఎలా ఊడింది అని అడిగారు. తొక్కిసలాటలో అన్నాను. ఎవరి బూటో చెప్పలేదు. చెబితే మళ్ళీ అదే పెద్దదైపోతుంది, నా తప్పు దానికింద దాక్కుంటుంది. చెయ్యెత్తనిది నేనేగా.

బయటికొస్తుంటే వరండాలో టీచరుగారు పక్కన నడిచింది. "క్షమించండి మేడమ్" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇద్దరి చేతిమార్పు చాలా బాగుంటుంది. గీత లోపల చేస్తే ఇంకా బాగుంటుంది" అని, బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.

పిచ్చుక అంతా వింది. తిరుగుదారిలో కూడా కిటికీ వైపే.

చిట్టి


ముందు గది
సోమవారం

నా తల్లీ,

బూటు సంగతి చెప్పి ఉంటే ఈ ముసలిప్రాణానికి ఏడాదికి సరిపడా సంతోషం మిగిలేది. అయినా చెప్పకపోవడమే బాగుంది. నీకు నాకన్నా మంచి బుద్ధుంది, ఎక్కడినుంచి వచ్చిందో మరి. మీ తాతయ్య వైపునుంచి మాత్రం కాదు.

ఇక్కడి కథ విను. మొదటి రెండురోజులూ మంత్రిగారు టీవీలో కనపడలేదు. పళ్ళ డాక్టరు చీకట్లో నిచ్చెన వేసి నీ బ్యానరు విప్పుతుంటే నేను కిటికీలోంచి, "మనోభావం దిగిపోతోందా డాక్టరుగారూ?" అన్నాను. నిచ్చెన ఊగింది. మూడోరోజు సభలో మంత్రిగారు లేచి, "ఓడినా అబద్ధమాడని ఆడబిడ్డను కన్న రాష్ట్రం మనది! పొరుగువాళ్ళు చూసి నేర్చుకోవాలి!" అన్నారు. బల్లలు చరిచారు. ప్రతిపక్ష నాయకుడు, "ఆ నిజాన్ని మొదట ఆహ్వానించింది నేను" అన్నాడు. అదే గొంతు, అదే ఆవేశం. నా పాత కుర్చీలో కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా రాసుకుపోతోంది. ఆ పిల్లను చూసి జాలేసింది. సాయంత్రానికి బ్యానరు మళ్ళీ లేచింది. అదే ఫొటో, "నిజాయితీకి మారుపేరు". పనివేళలు మారలేదు.

ఉద్యోగాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది మీరు కట్టిన వెల. కెప్టెన్‌కు నా మాటగా ఒకటి చెప్పు: మీ అమ్మ కొట్లో లెక్కలు చూసే మనిషి కావాలట, వాళ్ళ నాన్న వస్తారేమో కనుక్కో. జాలి కాదు. మీ అమ్మ జాలిపడే రకం కాదని నీకు తెలుసు, జీతం బేరమాడుతుంది.

టీచరుగారిని మళ్ళీ అంపైర్ల జాబితాలో వేశారు. వార్తల్లో ఆఖరున, వాతావరణానికి ముందు, ఒక్క ముక్క చెప్పారు.

ఇవన్నీ సరే. పిచ్చుక సంగతి రాయి.

అమ్మమ్మ


హాస్టల్
గురువారం

అమ్మమ్మా,

కెప్టెన్ వాళ్ళ నాన్న వస్తారట. "జీతం బేరమాడతారంటే నిజం ఉద్యోగమే అన్నమాట" అన్నారట.

మా పరుగుల మాస్టారు నన్ను రిలేలోంచి తీసేశారు. "తప్పు చేసినందుకు కాదు. చెయ్యెత్తనందుకు" అన్నారు. మూడో పరుగుకు జూనియరు పిల్లను పెట్టారు. నేను నీళ్ళ సీసాలు మోస్తున్నాను. బాధగానే ఉంది. నువ్వు అడుగుతావని రాస్తున్నాను.

పిచ్చుక నాతో మాట్లాడదు. ఎదురైతే పక్కకు తప్పుకుంటుంది. కాని తెల్లారగట్ల ఒక్కతే పరిగెత్తడం మానలేదు. ఒకరోజు ఉండబట్టలేక స్టాప్‌వాచ్ పట్టుకుని వెళ్ళి మైదానం చివర కూర్చున్నాను. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. అనలేదు. పరుగు పూర్తిచేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, నా వైపు చూడకుండా నిలబడింది. టైం చెప్పాను. తలూపింది. రోజూ అంతే. ఆ అంకె తప్ప మా మధ్య మాటల్లేవు.

దాని కాళ్ళు మందగించలేదు అమ్మమ్మా. ఏ రోజూ మందగించలేదు. ఆ సంగతి రోజూ నేనే గట్టిగా చదివి చెబుతున్నాను.

వచ్చే నెల సెలవులకు హాస్టల్ మూసేస్తారు. పిచ్చుక వాళ్ళ అమ్మానాన్నలు పనికోసం వేరే దేశంలో ఉన్నారు, ఏటా ఎవరో దూరపు చుట్టాలింట్లో ముడుచుకుని ఉంటుంది. నిన్న టైం చెప్పాక ధైర్యం చేసి, "మా అమ్మమ్మ ఇంటికి వస్తావా?" అన్నాను. చాలాసేపు బూటు తాళ్ళు విప్పుకుంది.

"మీ అమ్మమ్మ పిలిస్తే వస్తాను. నువ్వు పిలిస్తే రాను" అంది.

చిట్టి


ముందు గది, కిటికీ పక్క బల్ల
ఆదివారం

అమ్మాయీ పిచ్చుకా,

ఈ ఉత్తరం నీకే, చిట్టికి కాదు. దానికి కవరు మోసుకొచ్చే పని మాత్రమే ఇచ్చాను. విప్పి చదివి ఉంటే నాకు చెప్పు, సంగతి చూస్తాను.

నేను పిలుస్తున్నాను. సెలవులకు మా ఇంటికి రా.

మా మనవరాలిని క్షమించమని పిలవడం లేదు. అది నీ సొంత విషయం, దానికి సిఫారసు ఉత్తరాలు నేను రాయను. అది నిన్ను ఏడిపించింది, ఏడుస్తుంటే చూసింది. నేను దాని అమ్మమ్మను గనక దాన్ని ప్రేమించక తప్పదు. నీకు ఆ అవసరం లేదు. సెలవులన్నాళ్ళూ దాంతో ఒక్క ముక్క మాట్లాడకపోయినా మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడటానికి నేనున్నాను. ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకుని ఇతరుల మాటలు రాశాను, ఇప్పుడు నా వంతు. చెవులు నొప్పెడితే చెప్పు, ఆపుతానని మాటివ్వను.

నీకు ఇష్టమైనవేమిటో నాకు తెలియదు. చిట్టిని అడగదలచుకోలేదు. నువ్వే వచ్చి చెప్పు. పక్కింటి డాక్టరు ఫొటో తీస్తానంటే నోరు మూసుకుని నవ్వు, లేకపోతే మర్నాడు గోడ మీద ఉంటావు.

మీ ఇద్దరికీ వేరువేరు గదుల్లో మంచాలు వేయించాను. మధ్యలో గోడ ఉంది, తలుపు ఉంది, తలుపుకు గడియ నీ వైపే ఉంది. ఎప్పుడైనా నీకు వేరేగా అనిపిస్తే నీ మంచాన్ని దాని గదిలోకి జరుపుకోండి. నన్ను లేపద్దు. ఇద్దరూ పరుగులవాళ్ళు, చెరోవైపు పట్టుకుంటే అదేమంత బరువు కాదు.

చిట్టి అమ్మమ్మ